తోక మీద ఒక నంబరు, లోపలి బిళ్ళ మీద ఇంకో నంబరు: ఏది అసలు విమానం?

గుంటూరు నుంచి అడిగిన మిత్రుడి ప్రశ్నను ముందుగా క్లుప్తంగా చెబుతాను. వాయుసేన దినోత్సవం వీడియోలో విపి905 అనే నంబరుతో ఒక డకోటా, అంటే పాతకాలపు రవాణా విమానం, ఎగరడం ఆయన చూశారు. 1947లో శ్రీనగర్‌లో మొదట దిగిన డకోటా నంబరు కూడా విపి905 అని చదివారు. మరో చోట ఇదే విమానానికి జి-ఎఎమ్‌ఎస్‌వి అనే బ్రిటిష్ నంబరు కనిపించింది. ఇవన్నీ ఒకటేనా? పాత యుద్ధ విమానాల యజమానులూ రంగులూ మారుతూ ఉంటే, దేన్ని పట్టుకుని వాటి చరిత్రను వెతకాలి? చివర్లో ఇంకో మాట రాశారు. వాళ్ళ తాతయ్య 1950లలో వాయుసేనలో ఫిట్టరుగా చేశారట. ఇంట్లో ఉన్న ఒక ఫొటోలో ఆయన నాలుగు ఇంజన్ల విమానం పక్కన నిలబడి ఉన్నారు. దాని నంబరు హెచ్‌ఈతో మొదలవుతోంది, మూడు అంకెల్లో చివరిది 7 అని మాత్రమే తెలుస్తోంది. ఆ విమానం ఈ భూమ్మీద ఎక్కడైనా మిగిలి ఉందా అని అడిగారు.

సూటిగా చెప్పాలంటే, ఇప్పుడు ఎగురుతున్న విపి905, 1947లో శ్రీనగర్‌లో దిగిన విపి905 ఒకే విమానం కాదు. ఇప్పటిది రెండో ప్రపంచ యుద్ధకాలంలో తయారై బ్రిటిష్ వాయుసేనలో కెఎన్397గా పనిచేసింది. ఆ తర్వాత జి-ఎఎమ్‌ఎస్‌వి అనే పౌర నంబరుతో దశాబ్దాలు ఎగిరింది. 1947 నాటి విమానం జ్ఞాపకార్థం దీనికి ఆ నంబరు వేశారు. కాబట్టి చరిత్రను వెతకాల్సింది తయారీ నంబరు పట్టుకుని. రంగులనూ తోక నంబరునూ విడిగా, తేదీతో సహా రాసుకోవాలి. తాతయ్య ఫొటో సంగతి చివర చెబుతాను. దానికి ఆశ ఉంది.

నేను విమానాల మెయింటెనెన్స్‌లో ఇరవై ఆరేళ్ళు పనిచేశాను. మొదట బెంగళూరులో, తర్వాత ఇంగ్లండ్‌లో. కేంబ్రిడ్జ్ దగ్గర స్థిరపడ్డాక శని, ఆదివారాలు పాత విమానాలను బాగుచేసే షెడ్డులో గడుస్తున్నాయి. పాత విమానాల ప్రదర్శనలు జరిగే డక్స్‌ఫర్డ్ మైదానం మా ఇంటికి దగ్గర. వేసవిలో ప్రతి ప్రదర్శనకూ నోటుపుస్తకంతో వెళతాను. కింద రాసేదంతా ఆ పుస్తకాలు నేర్పిందే.

మన ఊళ్ళలో పౌరాణిక నాటకాలు చూసిన వాళ్ళకు ఈ విషయం తేలిగ్గా అర్థమవుతుంది. రంగస్థలం మీద కృష్ణుడు ఉంటాడు, ఆ కిరీటం కింద ఒక నటుడు ఉంటాడు. ఆ నటుడు మరుసటి ఏడాది అర్జునుడి వేషం కట్టవచ్చు. కృష్ణుణ్ణి చూసి దండం పెట్టడంలో తప్పు లేదు, నటుడి ఊరూ పేరూ అడగడంలోనూ తప్పు లేదు. రెండింటినీ కలిపేస్తేనే చిక్కు. పాత యుద్ధ విమానాల్లో కూడా వేషం వేరు, వేషధారి వేరు.

విపి905 సంగతి

1947 అక్టోబరు 27న లెఫ్టినెంట్ కల్నల్ దేవాన్ రంజిత్ రాయ్ నాయకత్వంలోని మొదటి సిక్కు బెటాలియన్ సైనికులను డకోటాలు ఢిల్లీ నుంచి శ్రీనగర్ చేర్చాయి. ఆ రోజు ముందుగా వెళ్ళిన డకోటాగా విపి905 పేరు నిలిచింది. ఇప్పటి విమానాన్ని రాజీవ్ చంద్రశేఖర్ వాయుసేనకు బహుమతిగా ఇచ్చారు. ఆయన తండ్రి ఎయిర్ కమొడోర్ ఎం.కె. చంద్రశేఖర్ ఒకప్పటి డకోటా పైలట్. బ్రిటన్‌లో దాన్ని బాగుచేశాక, 2018 ఏప్రిల్‌లో అది దారిలో ఆగుతూ స్వయంగా ఎగురుకుంటూ భారత్ చేరింది. మే 4న ఢిల్లీ దగ్గరి హిండన్ స్థావరంలో వాయుసేనలోకి తీసుకున్నారు. పరశురామ అని పేరు పెట్టారు.

అప్పట్లో కొన్ని వార్తల్లో 'కశ్మీర్ యుద్ధంలో పాల్గొన్న విమానం తిరిగొచ్చింది' అన్నట్లు రాశారు. వాయుసేన మాత్రం అలా చెప్పలేదు. నంబరు ఆనాటి విమానానిదని స్పష్టంగానే చెప్పింది. తేడా చిన్నదిగా కనిపించవచ్చు కానీ నాకు చిన్నది కాదు. ఇప్పటి విమానానికి సొంత జీవితం ఉంది. కెఎన్397గా సైన్యంలో చేసింది, కోవెంట్రీ కేంద్రంగా నడిచిన ఎయిర్ అట్లాంటిక్ సంస్థలో ఏళ్ళ తరబడి పనిచేసింది. విపి905 వేషం కట్టింది కదా అని ఆ జీవితాన్ని చెరిపేస్తే దానికి అన్యాయం. అలాగే శ్రీనగర్‌లో దిగిన విమానం ఏమైందని ఇక ఎవరూ అడగకపోవడం దానికీ అన్యాయం.

ఏ నంబరు దేనికి

ఒక పాత విమానానికి సాధారణంగా మూడు రకాల నంబర్లు ఉంటాయి. మీ ఇంట్లో బండి ఉంటే దానితో పోల్చుకోండి. తయారీ నంబరు అంటే ఛాసిస్ నంబరు లాంటిది. ఫ్యాక్టరీలో బిళ్ళ మీద కొట్టి లోపల బిగిస్తారు. రెండోది సైన్యం ఇచ్చే సీరియల్. విమానం ఒక దేశపు సైన్యం నుంచి ఇంకో దేశానికి వెళితే ఇది మారుతుంది. మూడోది పౌర రిజిస్ట్రేషన్. బ్రిటన్‌లో జి, అమెరికాలో ఎన్, మన దేశంలో విటి అక్షరాలతో మొదలవుతుంది. ఆర్టీఓ వేసే నంబరు లాంటిదే, రాష్ట్రం మారితే బండి నంబరు మారినట్లు దేశం మారితే ఇదీ మారుతుంది.

ఇవి కాక పైన పెయింటుతో వేసిన నంబరు ఒకటి. అది ఈ మూడింట్లో ఏదైనా కావచ్చు, ఏదీ కాకుండా వేరొక విమానానిది కూడా కావచ్చు. కొత్తగా వచ్చే వాళ్ళు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. మరి అసలు రిజిస్ట్రేషన్ కనిపించదా? బ్రిటన్‌లో సైనిక రంగులతో ఎగిరే పాత విమానాలు అనుమతి తీసుకుంటే పౌర నంబరును బయట రాయనవసరం లేదు. అమెరికాలో ముప్పై ఏళ్ళు దాటిన విమానాలకు రెండు అంగుళాల ఎత్తు అక్షరాలు చాలు. అందుకే తోక కింద, చదునైన రెక్క నీడలో, నేపథ్యంలో కలిసిపోయే రంగుతో ఎన్ నంబరు ఉంటుంది. ఫొటో తీసేటప్పుడు ముక్కు మీది బొమ్మ దగ్గరే ఆగిపోకండి. ఒక్కసారి తోక వైపు నడిచి వంగి చూడండి.

ఈ తేడా తెలియకపోతే ఏమవుతుందో ఒక విషాదం చూపించింది. 2019 అక్టోబరు 2న అమెరికాలోని బ్రాడ్లీ విమానాశ్రయంలో ఒక బి-17 బాంబర్ కూలి ఏడుగురు చనిపోయారు. దాని మీద 'నైన్ ఓ నైన్' అని రాసి ఉంది. యుద్ధంలో 140 దాడుల్లో పాల్గొన్న ప్రసిద్ధ విమానం పోయిందని చాలామంది బాధపడ్డారు. కానీ ఆ ప్రసిద్ధ విమానం సీరియల్ 42-31909. ఇప్పుడు నేను ఉంటున్న ప్రాంతానికి దగ్గర్లోనే, బేసింగ్‌బోర్న్ నుంచి ఎగిరేది. యుద్ధం అయ్యాక దాన్ని అరిజోనాలో తుక్కు చేసేశారు. కూలిపోయింది 44-83575, పౌర నంబరు ఎన్93012. అది 1952లో అణు పరీక్షల దగ్గర నిలబెట్టిన విమానం, తర్వాత అడవి మంటల మీద నీళ్ళు పోసిన విమానం. దర్యాప్తు నివేదిక వెతకాలంటే ఎన్93012 తెలిసి ఉండాలి. పైన రాసిన పేరుతో వెతికితే రెండు చరిత్రలూ కలగాపులగంగా దొరుకుతాయి.

రంగులు ఎందుకు మార్చుకుంటారు

యజమాని మారినప్పుడు మార్చుకుంటారు, సినిమా కోసం మార్చుకుంటారు, ఏదో ఒక వార్షికోత్సవానికి మార్చుకుంటారు. ఎక్కువసార్లు ఒక పైలట్ జ్ఞాపకంగానో ఒక స్క్వాడ్రన్ గౌరవంగానో మార్చుకుంటారు. బ్రిటిష్ వాయుసేన స్మారక దళంలోని స్పిట్‌ఫైర్ యుద్ధ విమానాలకు పెద్ద సర్వీసింగ్ జరిగిన ప్రతిసారీ కొత్త స్క్వాడ్రన్ రంగులు వేసే ఆనవాయితీ ఉంది. ఎగిరే విమానాలు కొన్నే మిగిలాయి, గుర్తు చేసుకోవాల్సిన మనుషులు వేలల్లో ఉన్నారు. ఆ లెక్కలో చూస్తే నాకు అది సబబుగానే తోస్తుంది.

ఒకే విమానం ఎన్ని వేషాలు కట్టిందో చూడాలంటే ఎంహెచ్434 అనే స్పిట్‌ఫైర్ చాలు. 1943లో కాసిల్ బ్రామిచ్ ఫ్యాక్టరీలో పుట్టింది. 222వ స్క్వాడ్రన్‌లో జెడ్‌డి-బి అక్షరాలతో, హెన్రీ లార్డ్‌నర్-బర్క్ చేతిలో యుద్ధం చేసింది. యుద్ధం అయ్యాక డచ్ వాయుసేన కొనుక్కుని ఈస్ట్ ఇండీస్‌కు, అంటే ఇప్పటి ఇండోనేషియాకు తీసుకెళ్ళింది. అక్కడ హెచ్-105, తర్వాత హెచ్-68. అక్కడి నుంచి బెల్జియం, ఎస్‌ఎమ్-41. ఆ తర్వాత గురిపెట్టే సాధన కోసం గుడ్డ లక్ష్యాలను లాగే పౌర విమానంగా ఓఓ-ఎఆర్‌ఎ. 1963లో టిమ్ డేవిస్ ఇంగ్లండ్‌కు తెచ్చి జి-ఎఎస్‌జెవిగా నమోదు చేయించారు. 1969లో ఏడ్రియన్ స్వైర్ కొన్నప్పుడు ఎసి-ఎస్ అని తన పేరులోని అక్షరాలే రాయించుకున్నారు. యుద్ధకాలంలో వింగ్ కమాండర్లకు సొంత పేరు అక్షరాలు వేసుకునే హక్కు ఉండేది, ఆ సంప్రదాయం అది. 1983లో వేలంలో రే హానా చేతికి వచ్చింది. ఆయన ఒకప్పుడు బ్రిటిష్ వాయుసేన విన్యాసాల బృందం రెడ్ యారోస్‌కు నాయకుడు. ఆయన కుటుంబం చేతిలో అది మళ్ళీ జెడ్‌డి-బి అయింది.

డక్స్‌ఫర్డ్‌లో అది తలకిందులుగా వెళుతున్నప్పుడు పొట్ట కింద రంగులు చూసే వాళ్ళను చాలామందిని చూశాను. నేను మాత్రం ప్రతిసారీ ఒక్కటే గుర్తు చేసుకుంటాను. ఇన్ని వేషాలు మారినా అది పుట్టినప్పటి తన పేరుకు, తన అక్షరాలకు తిరిగొచ్చింది. ఈ అదృష్టం చాలా తక్కువ విమానాలకు దక్కింది.

భారత్ నుంచి వెళ్ళిన స్పిట్‌ఫైర్లకు అది దక్కలేదు. ఎంవి293 అనేది మన వాయుసేన నుంచి 1970లలో బ్రిటన్ సేకర్తల చేతికి వెళ్ళింది. అక్కడ జి-స్పిట్ అనే అందమైన రిజిస్ట్రేషన్‌తో ఎగిరింది. కానీ చాలా ఏళ్ళు దాని మీద ఉన్నది ఎంవి268 అనే వేరే నంబరు, జెఈ-జె అనే జానీ జాన్సన్ అక్షరాలు. జాన్సన్ గొప్ప పైలట్, సందేహం లేదు. అయితే ఆ రంగుల కింద మన దేశంలో గడిపిన మూడు దశాబ్దాలు ఉన్నాయని చుట్టూ నిలబడి ఫొటోలు తీసే వాళ్ళలో ఎంతమందికి తెలుసు?

రంగు పొరలు

వేషం కింద ఏముందో నేను చేత్తో తాకి తెలుసుకున్న రోజు ఒకటి చెబుతాను. ఒక చలికాలంలో మా షెడ్డుకు ఒక హార్వర్డ్ శిక్షణ విమానం వచ్చింది. పైన అమెరికా నావికాదళపు ముదురు నీలం. యజమాని కొత్త రంగు వేయించమన్నారు. ఇంజను వెనక అరచేయంత తనిఖీ మూత ఒకటి ఉంటుంది. దాన్ని విప్పి బల్ల మీద పెట్టి తడి ఎమరీ కాగితంతో ఒక మూల గుండ్రంగా రుద్దడం మొదలుపెట్టాను. నీలం తొలగి సన్నటి బూడిద రంగు వలయం వచ్చింది. ఇంకా రుద్దితే వెండి రంగు. దాని కింద, ఒక్కసారిగా, పండిన నిమ్మకాయలా పసుపు. ఆ పసుపు మిగతా పొరలకంటే మందంగా ఉంది, గట్టిగా ఉంది, కాగితానికి లొంగలేదు. దాని కింద పచ్చటి ప్రైమర్, ఆ తర్వాత లోహం. ఉల్లిపాయను అడ్డంగా కోసినట్లు అన్ని వలయాలూ ఒకదాని చుట్టూ ఒకటి కనిపించాయి.

పసుపు చూడగానే మా పెద్ద మేస్త్రి 'కెనడా' అన్నారు. కెనడా వాయుసేన శిక్షణ విమానాలకు వేసే రంగు అది. కాక్‌పిట్‌లో ఉన్న బిళ్ళ తుడిచి చూస్తే, ఫోర్ట్ విలియమ్‌లోని కెనడియన్ కార్ అండ్ ఫౌండ్రీ ఫ్యాక్టరీ పేరే ఉంది. అంకెలు ఒకటి లోతుగా, ఇంకోటి పైపైన పడ్డాయి. ఎవరో మనిషి సుత్తితో ఒక్కొక్కటిగా కొట్టిన అంకెలు. అది ఎన్నడూ అమెరికా నావికాదళంలో పనిచేయలేదు. యజమానికి చూపించాను. ఆయన ఆ మూతను కాసేపు చేతిలో తిప్పి చూసి, నీలం వద్దు పసుపు వేయండి అన్నారు. ఆ మూతకు మాత్రం రంగు వేయలేదు, కొత్తది చేసి బిగించాం. వలయాలున్న పాత మూత ఇప్పుడు ఆయన దగ్గర అద్దం చట్రంలో ఉంది.

ఒక హెచ్చరిక. ఇది పనివాళ్ళు, యజమాని అనుమతితో చేసే పని. మ్యూజియంలో ఉన్న విమానం మీద గోరు కూడా పెట్టకండి. అసలు రంగు మిగిలి ఉన్న విమానాలు చాలా తక్కువ. పోతే మళ్ళీ రాదు.

బిళ్ళను కూడా గుడ్డిగా నమ్మవద్దు

తయారీ నంబరు పట్టుకోమని పైన చెప్పాను. దానికీ ఒక మెలిక ఉంది. పి9374 అనే స్పిట్‌ఫైర్ 1940 మేలో ఫ్రాన్స్‌లోని కలే దగ్గర సముద్ర తీరంలో దిగిపోయింది. నలభై ఏళ్ళు ఇసుకలో ఉండి 1980లో బయటపడింది. 2011లో మళ్ళీ ఎగిరింది. 2015లో 31 లక్షల పౌండ్లకు వేలంలో అమ్ముడైంది. అదే తీరంలో ఇసుకపాలైన ఎన్3200ను దాని యజమాని డక్స్‌ఫర్డ్‌లోని ఇంపీరియల్ వార్ మ్యూజియానికి ఇచ్చేశారు. ఉప్పునీళ్ళలో నలభై ఏళ్ళు నానిన అల్యూమినియంతో ఎవరూ ఆకాశంలోకి వెళ్ళరు. ఇలాంటి విమానాల్లో ఎగిరే లోహం చాలావరకు కొత్తది. గుర్తింపు పాతది, కొన్ని భాగాలు పాతవి.

అయితే ఇది అసలు విమానమేనా? దీని మీద మా షెడ్డులో ఏళ్ళుగా వాదనలు నడుస్తున్నాయి. నా అభిప్రాయం చెబుతాను. పాత భాగాలు నిజంగా లోపల ఉండి, కాగితాల వరుస ఎక్కడా తెగకుండా ఉంటే నేను ఆ పేరును ఒప్పుకుంటాను. పక్కన 'లోహం అధికభాగం కొత్తది' అని తప్పక రాస్తాను. ఒక బిళ్ళ దొరికింది, దాని చుట్టూ విమానం కట్టారు అంటే మాత్రం నా పుస్తకంలో అది కొత్త విమానమే. ఎంహెచ్434 లాంటి దాన్ని, ఇలాంటి దాన్ని ఒకే గాటన కట్టడం నాకు నచ్చదు. ఒకటి పుట్టినప్పటి నుంచి ఊపిరి ఆగకుండా బతికింది.

యజమానులను ఎలా వెతకాలి

బ్రిటన్ పౌర విమానయాన సంస్థ రిజిస్టరు ఇంటర్నెట్‌లో ఎవరైనా చూడవచ్చు. జి నంబరు కొడితే ఇప్పటి నమోదుతో పాటు, పాత విమానాలకు చేత్తో రాసిన పాత నమోదు పత్రాల ప్రతులు కూడా దొరుకుతాయి. అమెరికా రిజిస్టరు కూడా అంతే, ఎన్ నంబరు చాలు. యుద్ధకాలపు చరిత్ర కోసం బ్రిటిష్ విమానాలకు ఫారం 78 అనే కదలికల కార్డు ఉంటుంది. ఏ రోజు ఏ యూనిట్‌కు వెళ్ళిందో అందులో పొట్టి అక్షరాలతో రాసి ఉంటుంది. అమెరికన్ విమానాల కార్డులు అలబామాలోని మాక్స్‌వెల్ స్థావరంలో ఉన్న వాయుసేన చరిత్ర విభాగంలో ఉన్నాయి.

ఒక జాగ్రత్త నా పొరపాటు నుంచి చెబుతాను. ఒకసారి రిజిస్టరులో కంపెనీ పేరు మారడం చూసి ఒక ముస్టాంగ్ యుద్ధ విమానం అమ్ముడైపోయిందని నలుగురికీ చెప్పేశాను. యజమాని మారలేదు. ఆయన విమానాన్ని తన ఒక కంపెనీ నుంచి ఇంకో కంపెనీకి మార్చుకున్నారు. అందరి ముందూ సరిదిద్దుకుని, ఆయనకు క్షమాపణ రాశాను. రిజిస్టరులో ఉండేది నమోదైన పేరు. డబ్బు పెట్టినవారు, నడిపేవారు, నమోదైనవారు ముగ్గురూ వేరు కావచ్చు. అమ్మకం అని రాయాలంటే రెండో ఆధారం ఉండాలి. ఇంకోటి, మ్యూజియంలో కాక సొంత షెడ్డుల్లో ఉండే విమానాల చిరునామాలు, యజమానుల ఇళ్ళ వివరాలు ఎక్కడా పెట్టకండి. మన దేశంలోనైతే సైనిక స్థావరాల దగ్గర కెమెరా తీయకండి. ప్రదర్శనల్లో, మ్యూజియాల్లో అనుమతి ఉన్న చోటే తీయండి.

పాత ఫొటోల కాలం పట్టుకోవడానికి రెక్క మీది వృత్తాలు బాగా పనికొస్తాయి. యుద్ధకాలంలో మన ప్రాంతంలో ఎగిరిన బ్రిటిష్, భారత విమానాల గుర్తులోంచి ఎరుపు తీసేశారు, జపాన్ ఎర్ర సూర్యుడితో పొరబడి సొంతవాళ్ళే కాల్చకుండా. రెండు నీలాలతో గుర్తు కనిపిస్తే అది ఆ కాలపు తూర్పు యుద్ధరంగం. స్వాతంత్ర్యం రాగానే కొంతకాలం అశోక చక్రం గుర్తుగా ఉంది. 1950 నుంచి ఇప్పటి మూడు రంగుల వృత్తం. నలుపు తెలుపు ఫొటోలో కూడా చక్రం ఆకులు తెలుస్తాయి. మీ తాతయ్య ఫొటోలో ఇది చూడండి.

ఇక తాతయ్య ఫొటో

నాలుగు ఇంజన్లు, హెచ్‌ఈ నంబరు అంటే అది బి-24 లిబరేటర్, అమెరికాలో తయారైన యుద్ధకాలపు బాంబర్. దీని కథ తెలిస్తే ఆయన చేసిన పని ఎంత గొప్పదో తెలుస్తుంది. యుద్ధం అయ్యాక బ్రిటిష్ వాళ్ళు తమ లిబరేటర్లను కాన్పూర్‌లో వదిలేశారు. అమెరికాతో ఒప్పందం ప్రకారం మళ్ళీ వాడకుండా వాటిని పాడుచేశారు, మీటర్లు పగలగొట్టారు. 1948లో హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ మనుషులు ఆ శిథిలాల్లోంచి ఒక్కొక్కదాన్నీ ఎగరగలిగేంత వరకు సర్ది బెంగళూరుకు తెచ్చారు. టెస్ట్ పైలట్ జంషెడ్ మున్షీ వాటిని నడిపారు. బెంగళూరులో పూర్తిగా బాగుచేస్తే అవి మన మొదటి భారీ బాంబర్లయ్యాయి, 1968 వరకు పనిచేశాయి. ప్రపంచమంతా బి-24లను కరిగించేసిన కాలంలో మన ఫిట్టర్లు వాటిని ఎగరనిచ్చారు. ఈ రోజు ప్రపంచంలో మిగిలిన కొద్ది లిబరేటర్లలో అనేకం అలా భారత్ కాపాడినవే.

అమెరికాలో కాలింగ్స్ ఫౌండేషన్ ఎగిరించిన 44-44052 కూడా అలాంటిదే. 1944లో ఫోర్ట్‌వర్త్‌లో పుట్టి, కెహెచ్191గా బ్రిటిష్ వాయుసేనకు, తర్వాత మన వాయుసేనకు వచ్చింది. 1981లో డగ్ ఆర్నాల్డ్ కొని ఇంగ్లండ్ తీసుకెళ్ళారు. 1984లో కాలింగ్స్ చేతికి వచ్చింది, 1989లో మళ్ళీ ఎగిరింది. అప్పుడు దాని పేరు 'ఆల్ అమెరికన్'. 1998లో ముక్కు నుంచి తోక దాకా డ్రాగన్ బొమ్మ. 2005లో 'విచ్‌క్రాఫ్ట్'. మూడూ అమెరికన్ దళాల వేషాలే, మూడూ వేరే విమానాలవే. వాటి ముందు నిలబడి తమ కుర్రతనాన్ని గుర్తు చేసుకున్న ముసలి సైనికుల కోసం వేసినవి, ఆ గౌరవాన్ని నేను తక్కువ చేయను. కానీ తాను నిజంగా ఏళ్ళ తరబడి మోసిన మూడు రంగుల వృత్తంతో ఆ విమానం ఒక్క వేసవి ఎగిరి ఉంటే చూడాలని నాకు గట్టి కోరిక. మీ తాతయ్య లాంటి వాళ్ళు రెంచీ పట్టిన చేతులతో దాన్ని బతికించారు. అది ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి.

ఇప్పుడు మీ చివరి అంకె 7. మన దగ్గర నుంచి మ్యూజియాలకు వెళ్ళినవాటిలో హెచ్‌ఈ924 ఢిల్లీ పాలం మ్యూజియంలో తన సొంత నంబరుతోనే ఉంది. హెచ్‌ఈ773 1968లో కెనడా వెళ్ళింది, బదులుగా వాళ్ళు మనకు లైసాండర్ అనే పాత విమానం ఇచ్చారు. ఒట్టావాలో దాని మీద ఉన్నది 11130 అనే కెనడా నంబరు. ఈ రెండూ మీవి కావు. 7తో ముగిసేవి నాకు తెలిసి రెండు ఉన్నాయి. హెచ్‌ఈ807ను 1974లో బ్రిటన్‌కు బహుమతిగా ఇచ్చాం, అది లండన్ హెండన్‌లోని బ్రిటిష్ వాయుసేన మ్యూజియంలో కెఎన్751 అనే పాత బ్రిటిష్ నంబరుతో ఉంది. హెచ్‌ఈ877 1969లో ఇక్కడి నుంచి ఎగురుకుంటూ అరిజోనాలోని టూసాన్ చేరింది. పీమా మ్యూజియంలో 'బంగే బకరూ' అనే అమెరికన్ వేషంలో ఉంది.

7తో ముగిసే లిబరేటర్లు వేరేవీ ఉండేవి, అవి తుక్కయిపోయాయి. కాబట్టి ముందే సంబరపడకండి. అంతా మధ్య అంకె మీద, మొదటి అంకె మీద ఆధారపడి ఉంది. ఫొటోను ఫోనుతో కాకుండా స్కానర్‌లో కనీసం 1200 డిపిఐతో తీయించండి. తర్వాత దాన్ని కిటికీ దగ్గర ఏటవాలుగా పట్టుకుని పక్క వెలుతురులో మరొకటి తీయండి. చెరిగిపోయిన అంకె గీత అప్పుడు నీడగా తేలుతుంది. 8 అయితే మధ్యలో నడుము నొక్కినట్లు ఉంటుంది, 0 అయితే అంచు సాఫీగా ఉంటుంది, 7 అయితే పైన అడ్డగీత తప్ప ఎడమ పక్క ఖాళీ. ఫొటో వెనక పెన్సిలుతో ఊరో తేదీయో రాసి ఉందేమో చూడండి. ఆయన సర్వీసు పుస్తకం ఇంట్లో ఉంటే యూనిట్ నంబరు ఉన్న పేజీ కూడా కావాలి. 5వ స్క్వాడ్రన్, 6వ స్క్వాడ్రన్ అని కనిపిస్తే మన వెతుకులాట సగం అయినట్లే. రెండు స్కానులూ ఇక్కడే పెట్టండి. హెండన్‌కు నేను వచ్చే నెల వెళుతున్నాను. 807 అని తేలితే మీ తాతయ్య ఏ ఇంజను పక్కన నిలబడ్డారో చూసి, అదే చోటు నుంచి ఫొటో తీసి పంపుతాను.